ఖాళీ అని రాసిచ్చిన గది

ఆరేళ్లుగా ఒక విషయం గొంతుకు అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. మధ్యలో ధైర్యం చాలక ఆపేస్తానేమో, కాబట్టి ముందే అనేస్తాను. మా ఇంట్లో ఉన్న మనిషిని లేదని రాసిచ్చాను. తర్వాత ఆమె నిజంగానే లేకుండా పోయింది.

మాది కరీంనగర్ దగ్గర ఒక మరమగ్గాల ఊరు. మగ్గాలను మేం సాంచాలంటాం. ఆ చప్పుడులోనే పుట్టి పెరిగినవాళ్లం కాబట్టి మా దగ్గర అందరివీ పెద్ద గొంతులే. నాకూ రెండు సాంచాలు ఉండేవి, గిట్టుబాటు కాక అమ్మేశాను. దరఖాస్తులు రాయడంలో మాత్రం నాకు పేరుంది. కరెంటు మీటరైనా రేషన్ కార్డైనా, మా వాడకట్టు వాళ్లు కాగితం పట్టుకుని నా దగ్గరికే వస్తారు. ఆ పేరంటే నాకు పిచ్చి. అది కూడా ఒప్పుకోవాలి.

ఆరేళ్ల కింద ఇంటి పన్ను నోటీసు అంతకుముందుకన్నా బాగా పెరిగి వచ్చింది. వాడకట్టంతా తిట్టుకుని ఊరుకుంది. నేను ఊరుకోలేదు. అభ్యంతరం చెప్పడానికి గడువు ఎప్పటిదాకా ఉందో చూశాను. మున్సిపాలిటీకి పోయి, మా ఇంటికి పన్ను ఎట్లా లెక్కగట్టారో ఆ కాగితం నకలు అడిగి తెచ్చుకున్నాను. టేపు పట్టుకుని ఇల్లు నేనే కొలిచాను. మూడు తప్పులు దొరికాయి. సాంచాలు లేని కొట్టాన్ని ఇంకా వ్యాపారం కిందే రాశారు. పెంకుటింటిని స్లాబు అన్నారు. పైకప్పు లేని వాకిలిని కూడా కొలతలో కలిపేశారు. సాంచాలు అమ్మిన రసీదు, ఇంటి ఫొటోలు జతచేసి దరఖాస్తు రాశాను. ఇందులో దాచాల్సింది ఏమీ లేదు, ఎవరి ఇంటికి వాళ్లు చేసుకోవచ్చు. ఆ మూడూ నిజాలే. ఆ మూడింటితోనే పని అయిపోయేది.

మరి అక్కడ ఎందుకు ఆగలేదు? నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. అవసరం అని చెప్పుకోవడానికి లేదు. పూర్తిగా గెలవాలనిపించింది, అంతే. ఖాళీగా ఉన్న భాగానికి మినహాయింపు ఇస్తారని ఆఫీసులో ఎవరో అంటుంటే విన్నాను. ఇంటికి వచ్చి దరఖాస్తు చివర ఒక్క వాక్యం కలిపాను. "వెనుక గదిలో ఎవరూ నివసించుట లేదు." కింద సంతకం పెట్టాను.

వెనుక గదిలో మా వదిన ఉండేది. అన్న కామెర్లతో పోయాడు. పిల్లలు లేరు. అన్న వాటాకు వచ్చిన ఆ ఒక్క గదిలో కూర్చుని సాంచాల వాళ్లకు నూలు కండెలు చుట్టి ఇచ్చేది. ఆమె రాట్నం పొద్దంతా గరగరలాడుతూనే ఉండేది. ఆ గదికి రెండు తలుపులు. ఒకటి వెనుక సందులోకి, ఒకటి మా నడింట్లోకి.

విచారణకు వస్తామని కబురు పంపారు. ముందు రోజు మధ్యాహ్నం వదిన దగ్గరికి పోయాను.

"వదినా, రేపు మున్సిపాలిటోళ్లు వస్తరు. సందు తలుపుకు బయటనుంచి తాళమేస్త. నువ్వు లోపల్నే ఉండు, జర సప్పుడు చెయ్యకు."

"రాట్నం ఆపాల్నా?"

"అన్ని ఆపాలె. నువ్వు లేనట్టే ఉండాలె."

ఆమె నవ్వింది. "దగ్గొస్తే?"

"కొంగు నోట్లె వెట్టుకో."

"గంటసేపేనా?"

"మళ్ల ఎప్పుడన్న చెప్పకుంట గూడ వస్తరట. నేను చెప్పేదాక గిట్లనే ఉండు."

"సరే తియ్ మర్ది. ఇంటికి మంచిదైతదంటే ఎన్ని దినాలన్న ఉంట."

నేను చెప్పేదాక. ఆ మాట అన్నది నేనే. ఆ తర్వాత ఎన్నడూ చెప్పనిది కూడా నేనే.

మరునాడు బిల్ కలెక్టర్ సందులోకి వచ్చి తాళం చూశాడు. తలుపు మీద రెండుసార్లు కొట్టాడు. చెవి ఆనించి కాసేపు నిలబడ్డాడు. లోపల మనిషి ఉందని తెలిసిన నాకే ఆ గది ఖాళీగా అనిపించింది. అతను ఫొటో తీసుకుని పోయాక నడింటి తలుపు తెరిచాను. చీకట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, కొంగు నోట్లో కుక్కుకుని. "పోయిండ్రు వదినా" అన్నాను. తల ఊపింది. కొంగు తీయలేదు.

నా అభ్యంతరాలు నాలుగూ ఒప్పుకున్నారు. వాడకట్టు వాళ్లు వచ్చి ఆ ఉత్తర్వు చదివించుకుని పోయారు. నేను మీసం దువ్వుకున్నాను. వదిన రాట్నం మళ్లీ తిప్పలేదు. దీపం పెట్టలేదు. చీరలు బయట ఆరేయలేదు. సందు తలుపు తాళం నేనూ తీయలేదు. ఎప్పుడు వస్తారో తెలియదు కదా, ఇట్లాగే మేలు అనుకున్నాను. నా భార్య సాయంత్రం పూట నడింటి తలుపు దగ్గర గిన్నెలో అన్నం పెట్టేది. పొద్దునకల్లా గిన్నె కడిగి బోర్లించి ఉండేది. కొన్నాళ్లకు మా ఇంట్లో ఆమె మాటే రాకుండా పోయింది. ఆమెను చివరిసారి ఎప్పుడు చూశాను? బతుకమ్మ నాడు చూశానని నా భార్య అంటుంది. అప్పటికే లేదని నా బిడ్డ అంటుంది. నాకైతే ఒక్క రోజు కూడా గుర్తుకు రాదు.

ఎనిమిది నెలల తర్వాత ఒక మిట్టమధ్యాహ్నం బిల్ కలెక్టర్ చెప్పకుండా వచ్చాడు. తాళం తీసి చూపించమన్నాడు. వదినకు వినిపించాలని, "ఆఫీసుల నుంచి వచ్చిండ్రా సారూ!" అని అరిచినట్టే పలకరించి తాళం తీశాను. లోపల ఎవరూ లేరు. చాప చుట్టి పెట్టి ఉంది. రాట్నానికి సాలెగూడు పట్టింది. నేలంతా దుమ్ము, అడుగు వేస్తే అచ్చు పడేంత. "మీ కాగితం మీద నాకు డౌటే ఉండె. నిజంగనే ఖాళీ" అన్నాడు అతను.

ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషం. భయం కాదు, బాధ కాదు. బతికిపోయాననుకున్నాను. అన్నిటికన్నా నేను దాచిపెట్టింది ఇదే.

అతను పోయాక నడింట్లోకి వచ్చి చూశాను. తలుపు దగ్గర గిన్నె బోర్లించి ఉంది. ఇంకా తడిగా ఉంది. గదిలో ఆ దుమ్ము మీద నా అడుగులూ అతని అడుగులూ తప్ప ఇంకెవరివీ లేవు. సందు వైపు తాళం చెవి నా జేబులోనే ఉండేది. అంటే ఏదో ఒక రోజు ఆమె మా నడింట్లోంచే, మా మధ్య నుంచే నడిచి పోయింది. ఎవ్వరం చూడలేదు. మరి గిన్నె కడుగుతున్నది ఎవరు?

నిర్మల్ వైపు ఆమె పుట్టింటికి ఫోన్ చేశాను. తప్పిపోయిందని చెప్పలేదు. అటూ ఇటూ మాట్లాడి, అక్కడికి రాలేదని తెలుసుకున్నాను. "అక్క మంచిగుందా?" అని అడిగాడు ఆమె తమ్ముడు. మంచిగుందని చెప్పాను. ఠాణాలో ఇవ్వడానికి కాగితం తీసి కూర్చున్నాను. ఇన్ని దరఖాస్తులు రాసిన చేయి మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. ఎక్కడ ఉండేది అని అడుగుతారు. ఎవరూ ఉండటం లేదని నేనే సంతకం పెట్టి ఉన్నాను. వాటా కోసం ఆమెను ఏమైనా చేశావా అని కూడా అడుగుతారు. కాగితం చింపేశాను. పుట్టింటికి పోయిందని వాడకట్టులో చెప్పాను. ఒక్కరూ మళ్లీ అడగలేదు, ఆమె చప్పుడు విని అప్పటికే చాలా రోజులైంది కదా.

నా భార్య ఇప్పటికీ సాయంత్రం గిన్నె పెడుతుంది. వద్దని నేను అనలేదు. పొద్దున పూట ఆ వైపు చూడను.

రేపు ఠాణాకు పోతానని మీకు మాట ఇవ్వను. ఆ మాట నాకు నేను చాలాసార్లు ఇచ్చుకున్నాను. నన్ను క్షమించమని కూడా అడగను, అది మీ చేతిలో లేదు. ఆనాడు రాయలేకపోయిన మొదటి వాక్యం మాత్రం ఇక్కడ రాస్తాను. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది.

ఆమె పేరు రాజవ్వ. మా అన్న భార్య. ఆ గదిలో ఆమె ఉండేది. నాకు తెలుసు.