ఎవరూ తోయనక్కరలేని కారు

నా కారు నాకంటే నాలుగేళ్లు చిన్నది. ఇద్దరే పట్టే పాత స్పోర్ట్స్ కారు. కడప రోడ్ల మీద దాన్ని చూసినవాళ్లు ముందు కారును, తర్వాత నన్ను చూసి, ఈమెకు చెప్పే పెద్దదిక్కు ఎవరూ లేరేమో అన్నట్టు మొహం పెడతారు.

ప్రతి ఆదివారం అందులో అమ్మను బద్వేలు దగ్గరున్న మా ఊరి చర్చికి తీసుకుపోతాను. మోకాళ్లు పట్టేసి నా దగ్గరికి వచ్చేసినప్పటి నుంచి అమ్మ వారమంతా ఎదురుచూసేది ఆ ప్రయాణం కోసమే. అది ఆగకూడదని నా పట్టుదల. ఆగేది మాత్రం నా కారే. చర్చి ముందు కంకర మిట్ట ఎక్కేటప్పుడు వెనక చక్రం ఒకటి గాల్లోకి లేచి గిర్రున తిరుగుతుంది. రెండోది తనకేమీ పట్టనట్టు ఊరుకుంటుంది. వెనక వరసలవాళ్లు పాట ఆపి బయటికొచ్చి తోసేవాళ్లు. కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పే నేను స్టీరింగ్ పట్టుకుని తల దించుకునేదాన్ని.

ఈ రోగానికి మందు లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. ఊరికే తిరిగే చక్రాన్ని అదుపులో పెట్టి రెండోదానితోనూ పని చేయించే పెట్టె అది. అందులో పళ్లచక్రాల రకం చప్పుడు చేయదు గానీ, చక్రం గాల్లోకి లేస్తే చేతులెత్తేస్తుంది. ప్లేట్ల రకం మూలుగుతూనే లాగుతుంది. వంటింట్లో రెండు పళ్లేలు ఒకదాని మీదొకటి రుద్ది మరీ అమ్మకు వివరించాను. అమ్మ వేరుశనక్కాయలు ఒలుస్తూ అంతా విని అడిగింది.

"అయితే ఇంగ ఎవురూ తోసే పనుండదా?"

ఉండదన్నాను గర్వంగా. ఇంకో గుప్పెడు కాయలు ఒలిచి మళ్లీ అదే అడిగింది. పాఠం ఎక్కలేదనుకుని మళ్లీ పళ్లేలు అందుకున్నాను.

కర్నూలు షెడ్డులో ప్లేట్లదే బిగించారు. దానికి వేరే ఆయిల్ పోయాలని పెట్టెతో వచ్చిన కాగితంలో రాసే ఉంది. నాకు తెలియనిదా అని మామూలు గేర్ ఆయిల్ పోయించాను. తిరిగొచ్చి కడపలో ఏడురోడ్ల కూడలి దగ్గర మలుపు తిరిగేసరికి కారు ఈనబోయే గేదెలా మూలిగింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే. మళ్లీ కర్నూలు పోయి ఆయిల్ మార్పించుకొచ్చాను.

ఆ ఆదివారం మిట్ట ఒక్క ఊపున ఎక్కేశాం. లోపల పాట ఆగలేదు. ఎవరూ బయటికి రాలేదు. మెచ్చుకుంటుందని అమ్మ వైపు తిరిగాను. అమ్మ అద్దం పూర్తిగా దించుకుని చర్చి తలుపు వైపే చూస్తోంది.

తోసేటప్పుడు వాళ్లు కిటికీలోంచి అమ్మ చెయ్యి పట్టుకునేవాళ్లు. మోకాళ్లెలా ఉన్నాయని అడిగి, ఒళ్లో ఇంత చింతచిగురో, రెండు మునక్కాయలో వేసేవాళ్లు. ప్రార్థన అయ్యీకాకముందే ఎండ ముదురుతుందని నేను అమ్మను లేపుకొచ్చేస్తాను. తన మనుషులతో మాట్లాడుకోవడానికి అమ్మకు దొరికేది ఆ మిట్ట దగ్గరే. దాన్ని కాస్తా కర్నూలు దాకా పోయి మరీ చెడగొట్టుకొచ్చాను. నా మీద నాకే కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"వెనక్కి తీసి కిందనే నిలుపు. వాళ్లొస్తారు," అంది అమ్మ.

కారు కిందికి దించి ఇంజన్ ఆపి హారన్ కొట్టాను. పాట ఆగింది. అయిదారుగురు నవ్వుకుంటూ దిగి వచ్చారు. అమ్మ రెండు చేతులూ బయటికి చాపింది.

"మా పాప కర్నూలు దాకా పోయి రిపేరి చేపిచ్చుకొచ్చిందప్పా," అంది వాళ్లతో. "ఏం లాభం, ఈ బండి బాగుపడేది కాదు."

నిజమేనని తలూపి, బ్రేకు వదిలాను.