బెల్లం పొట్లం కాగితం

మాది రాష్ట్రం సరిహద్దు అవతల, బాసగూడ దగ్గర పల్లె. మా ఊరికి తెలుగు పత్రిక రాదు. సంతలో బెల్లం పొట్లం కట్టిచ్చే కాగితమే నాకు పత్రిక. చదివింది మూడో తరగతే అయినా, దాన్ని సాపు చేసి కూడబలుక్కుని చదువుతాను. "బెల్లం కంటే కాయితం తీపా నీకు?" అని మా అత్త వెక్కిరించేది.

పోయిన ఏడు, కొత్త పంట మొదటిసారి తినే కొత్తల పండుగనాడు గారెలు వేస్తుంటే మూకుట్లో నూనె భగ్గున అంటుకుంది. మంట తాటాకు కప్పు దాకా లేచింది! అత్త నీళ్లబిందె ఎత్తింది.

"నీళ్లొద్దత్తా! నూనె మీద పోస్తే మంట ఇంకా ఎగుస్తదంట, కాయితంల రాసిండ్రు!" అని అరిచాను.

"కొంప అంటుకుంటాంటే నీ కాయితమేందే!"

బిందెకు అడ్డంపడ్డాను. అన్నం గిన్నె మూత మూకుడు మీద బోర్లించి, పొయ్యిలో కట్టెలు బయటికి లాగేశాను. మంట చప్పున చచ్చింది! అత్త బిందె కింద పెట్టింది.

ఆ ముక్క రాసినవారెవరో గానీ, మా ఇల్లు నిలిచింది వారి చలవే. ఇప్పుడు సంత నుంచి రాగానే అత్త బెల్లం డబ్బాలో వేసి, కాగితాన్ని తానే చేత్తో సాపు చేసి నా ముందు పెడుతుంది.

"ఈసారి ఏం రాసిండ్రే? సదువు, ఆనక పొయ్యి ముట్టిద్దాం."