మా అక్క కుట్టిన గది

మా అక్కకి మతి చలించిందని నేను మొదటిసారి గట్టిగా నమ్మింది ఆవిడ రిటైరైన రోజున. బస్సులకు బాడీ కట్టే వర్క్‌షాపులో సీట్లు కుట్టే పని ఆవిడది. పెళ్ళికి ముందు చేరింది, జుట్టు నెరిసేదాకా కుట్టింది. అక్కడ అందరూ సీట్లక్క అంటారు. ఆ రోజు ఓనరు అందరి ముందూ, "సీట్లక్కా, నీకేం కావాలో అడుగు, కాదనను" అన్నాడు. ఇలాంటప్పుడు మర్యాద తెలిసిన మనుషులు "మీ అభిమానం చాలండీ" అని కూర్చుంటారు. మా అక్క కిటికీలోంచి వెనక దొడ్డి వైపు చెయ్యి చూపించి, "ఆ బన్ను బండి ఇప్పించండి" అంది. నేను తాగుతున్న టీ చొక్కా మీద పోసుకున్నాను.

బన్ను బండి అంటే ఓ పాతకాలపు వ్యాను. గుండ్రటి ముక్కు, పైన తెలుపు, కింద ఎరుపు. ఎరుపంటే రంగు కొంత, తుప్పు కొంత. అది ఎప్పుడొచ్చిందో, ఎందుకొచ్చిందో వర్క్‌షాపులో ఎవరికీ గుర్తులేదు. పిల్లులు పిల్లల్ని పెట్టుకోవడానికి తప్ప ఎవరికీ పనికి రాలేదు. ఓనరు బరువు దిగిందన్నట్టు తాళం తీసి ఇచ్చేశాడు.

నేను ఇళ్ళకు కరెంటు వైరింగు చేస్తాను. నాకు కోపం ఎక్కువని పేటలో సగం మంది అంటారు. మిగతా సగం మంది ఇళ్ళకి నేనింకా వైరింగు చెయ్యలేదు. షాకు నా వృత్తిలో కొత్త కాదు గానీ, మా అక్క ఆ తర్వాత ఇచ్చినవి ఏ తీగా ఇవ్వలేదు.

అసలు అక్క ఇంట్లో పట్టించుకోవలసింది బండి సంగతి కాదు, మా బావ సంగతి. బావ బస్సు డ్రైవరు. ఆయన బస్సులో ఒళ్ళో పాలగ్లాసు పెట్టుకుని కూర్చున్నా చుక్క తొణకదని చెప్పుకునేవాళ్ళు. అలాంటి మనిషి ఓ మధ్యాహ్నం, ఏళ్ళ తరబడి తిరిగిన దారిలోనే, బస్సు పక్కకు తీసి ఆపేశాడు. చేతులు వణుకు, ఒళ్ళంతా చెమట, గుండె గొంతులో కొట్టుకోవడం. ఎవరికీ దెబ్బ తగల్లేదు, బస్సుకి గీత కూడా పడలేదు. తాళం కండక్టరు చేతిలో పెట్టి, గోడలు పట్టుకుంటూ ఇంటికి నడిచొచ్చి తన గదిలో కూర్చున్నాడు. అంతే. మూడో ఏడు నడుస్తోంది, గుమ్మం దాటలేదు. డాక్టరు ఇంటికే వచ్చి చూసి, గుండె గుండ్రాయిలా ఉంది, ఇది భయం తెచ్చిన జబ్బు అని మందులిచ్చాడు. మందులకి నిద్ర పట్టింది గానీ కాలు బయట పడలేదు. ఈలోగా వేరే ఊళ్ళో పుట్టిన మనవరాలిని కూడా ఆయన ఫోనులోనే చూశాడు.

అలాంటి మనిషిని ఇంట్లో పెట్టుకుని ఈవిడ తుప్పు బండి తెచ్చుకుంటుందా?

"ఏం చేస్తావక్కా దీంతో?" అన్నాను.

"మంచం వేసి, పొయ్యి పెట్టి, తిరిగే ఇల్లు చేస్తాను."

"తిరగడానికి ఎవరున్నారు ఈ ఇంట్లో?"

"నువ్వు లైట్లు పెట్టరా. ప్రశ్నలు తర్వాత పెడుదువు గాని" అంది.

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం మా అక్క. చిన్నప్పుడు నా బడిసంచీ తెగితే, కుట్టొద్దు, కొత్తది కొనిపించుకుంటానని నేను ఏడుస్తున్నా వినకుండా కుట్టేసింది. ఆ సంచీ ఇంకా ఉంది. నా పనిముట్లు అందులోనే మోస్తాను.

ఇంజన్ బాగు చెయ్యడానికి నత్త వచ్చాడు. మెకానిక్కే, కానీ పని నిదానం, మాట ఇంకా నిదానం కాబట్టి ఆ పేరు. వ్యాను వెనక మూత ఎత్తి, తల లోపల పెట్టి, "ఇంజన్ వెనకుంటుంది దీనికి. రేడియేటర్ ఉండదు. నీళ్ళు పోసే పని లేదు, గాలికే చల్లబడుతుంది" అన్నాడు.

"నీళ్ళడగదు, కాఫీ అడగదు. మా చుట్టాలందరికంటే నయం" అన్నాను నేను. అక్క నవ్వింది. ఆ గాలి ఎటునుంచి లోపలికి వస్తుందని మాత్రం మేమిద్దరం అడగలేదు. నత్త చెప్పలేదు. అడిగినదానికే ఆయన దగ్గర జవాబు రావడానికి ఓ పూట పడుతుంది. ఇంజన్ దడదడమని తిరిగింది, ఆయన చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత మొదలైంది ఇల్లు కరగడం. ఓ ఆదివారం వెళ్ళేసరికి వంటింట్లో గోడ అలమర లేదు. మేకులు పీకిన కన్నాలు నన్ను చూసి వెక్కిరిస్తున్నాయి. అలమర వ్యానులో ఉంది. మరో ఆదివారం సింకు లేదు, అక్క పెరట్లో బకెట్ ముందు కూర్చుని గిన్నెలు తోముతోంది. సింకూ వ్యానులోనే ఉంది. డబ్బు పెట్టి కొన్నది దాదాపు ఏమీ లేదు. వర్క్‌షాపులో మిగిలిన రెగ్జిన్ ముక్కలు, ఫోమ్ తునకలు, ఇంట్లో ఊడదీసిన చెక్కలు. పిండి కొద్దీ రొట్టె అంటారే, ఈవిడ రొట్టె కోసం ఇంటినే పిండి చేసేస్తోంది.

ఆ మరుసటి వారం బావ గదిలోకి వెళ్ళి కెవ్వుమన్నాను. ఆయన మంచం కాళ్ళ వైపు జానెడు కోసేసి ఉంది. బావ దాని మీదే, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"బావా, నీ మంచం కోసేసింది!"

"నేను పొట్టివాణ్ణే కదరా. నా అవసరానికి మించి ఉందిట" అన్నాడు తిరక్కుండానే.

పెరట్లోకి ఉరికాను. అక్క నోట్లో వంకర సూది పెట్టుకుని వ్యాను గుమ్మంలో కూర్చుని ఉంది.

"పిచ్చి కుదిరింది, తలకి రోకలి చుట్టమన్నట్టుంది నీ వ్యవహారం! లోపల మొగుడు మూడేళ్ళుగా గోడలు చూస్తున్నాడు. నువ్వు బండి మీద బొమ్మలాట ఆడుతున్నావు. సిగ్గు లేదూ? ఈ బండిలో ఎవరిని తిప్పుతావు? ఆయన గది దాటి రాడని నీకు తెలీదూ?"

అక్క నోట్లోంచి సూది తీసి, జాగ్రత్తగా జాకెట్టు అంచుకి గుచ్చుకుంది.

"తెలుసు. ఆయన గది దాటి రారు. పోనీ, రానక్కర్లేదు. గదే వెళ్తుంది" అంది.

అప్పుడు వ్యానులోకి తొంగి చూశాను. అది బావ గదే. అదే వెలిసిన పచ్చ రంగు. గోడ పెచ్చు ఒకటి పట్టుకెళ్ళి రంగుల కొట్టులో కలిపించిందిట. గది కర్టెన్‌ని నిలువునా రెండుగా కోసి, సగం అక్కడ, సగం ఇక్కడ కట్టింది. చొక్కా తగిలించే మేకు, ఆయన చెయ్యి అలవాటుగా లేచే ఎత్తులోనే కొట్టింది. మంచం కోసం వదిలిన చోటుకీ కిటికీకీ మధ్య ఎడం కూడా తేడా రానివ్వలేదు. ఆ చోట్లో పట్టడానికే మంచం కొయ్యాల్సి వచ్చింది. పనిముట్ల సంచీ తెచ్చుకుని లైట్లు బిగించడానికి లోపలికి ఎక్కాను.

డ్రైవరు సీటుకీ గదికీ మధ్య ఫోమ్ దట్టించిన రెగ్జిన్ పరదా చుట్టూ కుట్టేసింది, బావకి రోడ్డు కనబడకుండా. ఇంజన్ చప్పుడు వినబడకుండా ఇంజన్ గూడు లోపలా మెత్తలు వేసింది. వెనక కిటికీల పక్కన బండికి చేప మొప్పల్లా చీలికలు ఉన్నాయి. వాటినీ లోపలి నుంచి మెత్త పెట్టి, జిగురుతో అతికి, బద్దీలు వేసి కుట్టి బిగించింది.

"వాన పడితే నీళ్ళు, నడిస్తే దుమ్ము. ఏ బుద్ధిలేనివాడు వదిలాడో ఈ సందులు" అని తిట్టింది కూడా. గాలి దూరే సందుంటే అది కుట్టే కాదని ఆవిడ జీవితమంతా నమ్మింది. ఆవిడ కుట్టిన సీట్లో ఎన్ని వానలు కురిసినా లోపలి కొబ్బరి పీచు తడవదు. నేను పక్కనే దీపం పట్టుకుని నిలబడి, "శభాష్ అక్కా" అన్నాను.

బావ గదికి పక్క సందులోకి ఓ తలుపుంది. వ్యానుని ఆ సందులోకి వెనక్కి నడిపి, తలుపుకి తలుపు ఆనించాం. మధ్యలో ఆకాశం కనబడకుండా అక్క రెగ్జిన్‌తో ఓ గొట్టం లాంటి దారి కుట్టింది. నేలకి పలక వేసింది. కోసిన మంచం అటు మార్చి, బావకి ఇటు చాప వేశాం. తర్వాత బావ పక్కన కూర్చుని అంతా చెప్పింది. మోసం చెయ్యడం ఆవిడకి చేతకాదు.

"ఏవండీ, ఇటు మీ గది, అటూ మీ గదే. మధ్యలో బయటనేది లేదు. మీకు ఇష్టమైతేనే."

బావ చాలాసేపు ఆ దారి వైపు చూశాడు. తర్వాత గోడకి ఉన్న రేడియో తీసి చంకలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నడిచి, అటు మంచం మీద కూర్చున్నాడు. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, నాకూ ఆయన జబ్బే వచ్చిందనుకున్నాను.

కొన్నాళ్ళు అక్కడే పడుకున్నాడు, అక్కడే తిన్నాడు. ఓ ఉదయం, "సరే, కదపండి. కొంచెం దూరమే" అన్నాడు. నేను స్టీరింగు ముందు, అక్క నా పక్కన. పరదా వెనక బావ. బండి సందు దాటింది, వీధి దాటింది, పెద్ద రోడ్డెక్కింది. వెనక నుంచి రేడియో పాట తప్ప ఏమీ లేదు. అక్క చీర కొంగు నలిపేస్తోంది. ఇళ్ళు అయిపోయి పొలాలు మొదలయ్యాయి. రోడ్డు ఎత్తెక్కుతోంది.

రేడియో ఆగిపోయింది.

"ఆపరా" అన్నాడు బావ.

అక్క మొహం తెల్లబోయింది. "భయం లేదండీ, ఇంటికెళ్ళిపోదాం! ఒరేయ్, తిప్పు, తొందరగా!" అంది. నేనూ కంగారులో తిప్పి, యాక్సిలరేటర్ బలంగా నొక్కాను.

"ఒరేయ్, చంపేస్తావురా దాన్ని! ఇంజన్‌కి ఊపిరాడట్లేదు. ఆపు!"

అది జబ్బు మనిషి గొంతు కాదు. నిండు బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళని లోపలికి తోలే గొంతు. నా కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. కాలిన ఫోమ్ వాసన అప్పుడు తెలిసింది నాకు. పక్క తలుపు జరిగిన చప్పుడైంది.

అద్దంలో చూశాను. మా బావ రోడ్డు మీద ఉన్నాడు. వట్టికాళ్ళు, బనీను, పైజామా. మూడేళ్ళుగా వాకిట్లోకి రాని మనిషి, నెత్తిమీద ఎండ పడుతుండగా, గబగబా బండి వెనక్కి నడుస్తున్నాడు. ఇద్దరం తలుపులు తోసుకుని దిగాం.

ఆయన వచ్చేటప్పుడు మేకు నుంచి లాక్కొచ్చిన చొక్కా చేతికి చుట్టి మూత ఎత్తాడు. నల్లటి పొగ మొహాన కొట్టింది. "కత్తెర!" అన్నాడు. కత్తెర లేకుండా మా అక్క నిద్ర కూడా పోదు, నడుముకే ఉంది. అందుకుని మొప్పల వెనక మెత్తలు కోయడం మొదలెట్టాడు. అవి తెగవు. మా అక్క కుట్టు మరి.

"ఎవరు మూశారివి? దీని గాలంతా ఇందులోంచే కదా లోపలికి పోయేది!"

"నేనేనండీ" అంది అక్క, వినీ వినబడకుండా.

"ఎందుకు?"

"మీకు చప్పుడు పడదని."

బావ చెయ్యి ఆగింది. ఆవిడ వైపు చూశాడు. తర్వాత ఇంకా గట్టిగా పట్టుకుని కోశాడు. "ఎంత బిగించి కుట్టావే!" అని గొణిగాడు. చివరి మెత్త ఊడి రోడ్డు మీద పడింది.

పని అయిపోయాక గానీ ఆయనకి తానెక్కడున్నాడో తెలియలేదు. ఓ లారీ హారన్ కొట్టుకుంటూ దూసుకుపోయింది. బావ తలెత్తి, రోడ్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. చేతుల్లో వణుకు మొదలైంది. నుదుటి మీద చెమట. తెరిచి ఉన్న తలుపులోంచి ఆయన మంచం కనబడుతోంది, రెండంగల దూరంలో. నేను పట్టుకోబోయాను. అక్క నా చెయ్యి రక్తం వచ్చేలా గిల్లింది.

బావ బండి రేకు మీద అరచెయ్యి ఆనించి, కాలుతుంటే తీసి, మళ్ళీ ఆనించాడు. వ్యాను వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు.

"చల్లారేదాకా ఎవరూ స్టార్ట్ చెయ్యకండి" అన్నాడు వణుకుతున్న గొంతుతోనే. గదిలోకి వెళ్ళలేదు. రోడ్డు పక్క రాయి మీద, బండి ఎదురుగా కూర్చున్నాడు.

అక్క కోసి పడేసిన మెత్తల్ని ఒక్కొక్కటే ఏరి ఒళ్ళో పెట్టుకుని ఆయన పక్కన చేరింది. "తగలబెట్టేసేదాన్ని మిమ్మల్ని. చేతులారా కుట్టి తగలబెట్టేసేదాన్ని" అంటూ మెత్తలు నిమురుతోంది. చాలాసేపటికి ఆయన ఊపిరి కుదుటపడింది.

"ఏమే" అన్నాడు. "వెళ్ళేటప్పుడు ఆ పరదా విప్పెయ్. ఇంజన్ చప్పుడు నాకు వినబడాలి, రోడ్డు కనబడాలి. వీడి డ్రైవింగుని నమ్మలేం."

ఇంకోరోజైతే ఆ మాటకి నేను ఊరుకునేవాణ్ణి కాదు. అక్క లేచి, వ్యానెక్కి, పరదా ముందు కత్తెర పట్టుకుని నిలబడింది. కుట్టు మొదలెక్కడుందో ఆవిడకే దొరకడం లేదు, కళ్ళ నిండా నీళ్ళు.

"ఇలా ఇవ్వు" అని బావ లేచి వెళ్ళి కత్తెర అందుకున్నాడు.