అత్తయ్యగారి పన్ను, నా చెయ్యి

మా అత్తయ్యగారికి ఒక నమ్మకం ఉంది. ఆడదాని చేతి సత్తువ, పంటి సత్తువ ఒకటేనని, ఒకటి తగ్గితే రెండోది కూడా తగ్గినట్టేనని. ఆవిడ మాటకి ఎదురు చెప్పిన కోడలు మా ఇంట్లో లేదు. ఉన్నది నేనొక్కదాన్నే, నేను చెప్పలేదు.

పెళ్లయి ముసునూరు వచ్చిన మొదటి వేసవిలోనే నన్ను ఆవకాయ కత్తిపీట ముందు కూర్చోబెట్టారు. వంద కాయలు టెంకతో సహా ఒక్క పూటలో కొట్టేశాను. ఆవిడ మురిసిపోయి, చుట్టాలందరికీ చెప్పారు. ఆ మెచ్చుకోలే నా మెడకు చుట్టుకుంది. నూజివీడు మార్కెట్లో నిమిషాల మీద కొట్టిస్తారు. కానీ అక్కడ కత్తికి తడి ఉంటుందని, ఊరందరి కాయలూ దాని మీదే పడతాయని ఆవిడ ఒప్పుకోరు. మా ఆయనేమో నా చేతి ముక్కే వేరంటారు. పొగిడి పొగిడి చాకిరీ చేయించుకోవడం ఈ ఇంటివాళ్ల దగ్గరే నేర్చుకోవాలి.

రెండేళ్లుగా నా కుడిచెయ్యి పట్టు తప్పుతోంది. సీసా మూత తిరగదు. తడిబట్ట పిండలేను. ఎవరూ చూడనప్పుడు పాల ప్యాకెట్టయినా, గోనెసంచి ముడయినా పళ్లతోనే లాగుతాను. పళ్లు మాత్రం రాళ్లలా ఉన్నాయి. అత్తయ్యగారి నమ్మకం నా ఒంట్లోనే తప్పయింది. ఆ మాట చెప్పాలంటే చెయ్యి సంగతి చెప్పాలి. చెబితే ఈ ఇంట్లో నేనేంటి? ఇన్నేళ్లలో నాకు దక్కిన పేరల్లా ఆ చెయ్యే. దాని మీద విసుక్కుంటూనే దాని జబ్బు దాచుకుంటూ వచ్చాను.

ఈ వేసవిలో మా తోటలో జలాలు రకం మామిడికాయలు దించి, కడిగి, తుడిచి పెట్టారు. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. మొదటి కాయ కొట్టగానే ఒక ముక్క అత్తయ్యగారు దవడ పంటి కింద పెట్టి టెంక కొరికి చూస్తారు. టెంక ముదిరితేనే ముక్క ఏడాదంతా మెత్తబడకుండా నిలుస్తుంది. ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని కొరికి, ముదిరింది, ఇక కానివ్వమన్నారు.

భయపడుతూనే కత్తి పిడి నొక్కాను. సులువుగా దిగింది. తర్వాత కాయా అంతే. పది కాయలయ్యేసరికి నా చెయ్యి నాకు తిరిగొచ్చిందనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. మొదటి వేసవిలో కొట్టినట్టే వందా కొట్టేసి లేచి, సంతోషం పట్టలేక ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. టెంక పీచులా నలిగింది. ఉత్త లేత కాయ.

మిగిలిన సగం ముక్క అరచేతిలో పెట్టి ఆవిడకి చూపించాను. ఆవిడ దాన్ని చూసి, హాలు వైపు తొంగిచూశారు. అక్కడ మా ఆయన ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నారు.

"పళ్లు ఆనడం లేదమ్మా," అన్నారు గొంతు తగ్గించి. "నిరుడు కూడా కొరక్కుండానే చెప్పాను. అబ్బాయితో అనకు."

కోపం రావాలి. రాలేదు. నాలాగే ఈవిడ కూడా దాచుకుంటున్నారా అని జాలేసింది. నా సంగతి చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదు. నోరు తెరిచాను కూడా. అంతలో ఆవిడ నా కుడిచెయ్యి పట్టుకున్నారు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, పట్టు మాత్రం ఉడుంపట్టు. బొటనవేలి మొదట్లో పుట్టిన నొప్పి మోచేతి దాకా పాకింది.

"వీటిని ఎండబెట్టి ఒరుగులు చేసేద్దాం. రేపు ఇంకో వంద దింపిస్తాను, బాగా ముదిరినవి చూసి. నీ చెయ్యి ఉండగా నాకేం దిగులు?"

"అలాగేనండీ అత్తయ్యగారూ," అన్నాను. ఆవిడ వదిలేదాకా చెయ్యి లాక్కోలేదు.