బచ్నీ దాదీ తొలి గుప్పెడు

హిమాలయాల్లోని మా గఢ్వాల్ కొండమీద, ఊరందరికీ నానమ్మలాంటి బచ్నీ దాదీ తొలి గుప్పెడు చల్లితే గానీ ఎవరూ విత్తనం బుట్ట ఎత్తరు. ఆమె హస్తవాసి మంచిదని పేరు. ఆ చెయ్యే నిరుడు ఊరందరి విత్తనాన్నీ మట్టిపాలు చేసింది.

తప్పు ఆమెదని నేననను. బురాంస్ చెట్ల ఎర్రపూలన్నీ రాలాక పడే మొదటి వానకు విత్తమని వాళ్ల అత్తగారు నేర్పింది. బతుకంతా అదే లెక్క. నిరుడు ఆ పూలు మాఘంలోనే పూసి రాలిపోయాయి. ఒక జల్లు పడగానే దాదీ చల్లింది, వెనకే మేమందరం చల్లాం. మొలకలు వేలెడు లేచాయో లేదో, ఎండ వాటిని పేలాలు వేయించినట్టు వేయించేసింది.

ఈ ఏడు బురాంస్ రెండుసార్లు పూసింది, పుష్యంలో ఒకసారి, చైత్రంలో మళ్లీ. ఏ పూతను నమ్మాలో దాదీకి అంతుపట్టలేదు. చెట్టుకిందికి వెళ్లి, "నీకేం పోయేకాలమే!" అని తిట్టి వచ్చింది. రాగులు, తోటకూర గింజలు, ఉలవలు, రాజ్మా అన్నీ కలిపిన విత్తనం ఇంటికొక్క బుట్టే మిగిలింది. అదీ పోతే చలికాలానికి రొట్టె లేదు.

వైశాఖంలో ఒక జల్లు పడింది. అందరం బుట్టలతో గట్లమీద నిలబడ్డాం.

"చల్లు దాదీ, నీకోసమే చూస్తున్నాం," అన్నాడు పక్క చేను మాతబర్.

"నిరుడు చల్లితే ఏం ఒరిగిందిరా?"

"చల్లకపోతే మాత్రం ఏం తింటాం?"

దాదీ కోడలు రుక్మా ఫోన్ చూసి, "అత్తయ్యా, రేపు పెద్ద వానంట," అంది.

"నిన్నా అదే చెప్పిందిగా నీ ఫోను! నిన్న మనం తడిసింది చెమటకే."

నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. దాదీ బుట్టలో చెయ్యి పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.

ఒకే ఒక్క గుప్పెడు ఒక మూలన చల్లి, బుట్టకు గుడ్డ కప్పి ఆమె ఇంటికి పోయింది. మేం బిత్తరపోయాం. తర్వాతి జల్లుకు ఇంకో మూలన ఇంకో గుప్పెడు. ఆ తర్వాత మరొకటి. మాతబర్‌కు ఒళ్లు మండింది.

"ఇంతకీ వీటిలో తొలి గుప్పెడు ఏది దాదీ? మేమెప్పుడు చల్లాలి?"

"నాకేం తెలుసురా! నిరుడు అందరం ఒకేసారి చల్లి ఒకేసారి మునిగాం. ఈసారి ఎవరికి తోచిన వానకి వాళ్లు చల్లుకోండి. ఎవరి చేను బతికితే వాళ్లింటికొస్తా, గింజలడగడానికి."

నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు మళ్లీ చినుకులు పడ్డాయి. నా బుట్టలో చెయ్యి పెట్టి అలవాటుగా దాదీ చేనువైపు చూశాను. ఆమె గట్టుమీద కూర్చుని నావైపే చూస్తోంది.