సోమవారం కడుపునొప్పి

1983లో కాలిఫోర్నియాలోని డబ్లిన్ చుట్టుపక్కల అయిదు ఎలిమెంటరీ స్కూళ్ళకు కలిపి ఆండాళ్ ఒక్కతే సైకాలజిస్టు. కొత్త ఇళ్ళు లేస్తూనే ఉన్నాయి, పిల్లలు చేరుతూనే ఉన్నారు, ఆమెకు తోడుగా మాత్రం ఎవరినీ వెయ్యలేదు. విశాఖపట్నంలో ఎం.ఏ. చదివి, పెళ్ళయి ఇక్కడికొచ్చి, పదేళ్ళు ఇల్లు చూసుకుంది. ఆ తరువాత సాయంత్రం క్లాసులకు వెళ్ళి ఈ ఉద్యోగానికి అర్హత తెచ్చుకునేసరికి నలభై నిండాయి.

బుధవారాలు పిల్లలు వెళ్ళిపోయాక టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చేది. లైబ్రరీలో పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని, స్పెల్లింగ్ టెస్టులు దిద్దుకుంటూ వినేవాళ్ళు. పొద్దుటినుంచీ ముప్ఫైమందితో వేగి వచ్చిన మనుషులను తప్పుపట్టడానికి ఆమెకు మనసొప్పేది కాదు. "కుర్చీలు విసిరేవాణ్ణి నా దగ్గరికి పంపుతున్నారు, సంతోషం. నోరెత్తని పిల్లను కూడా పంపండి" అని చెప్పేది. మరుసటి వారం మళ్ళీ కుర్చీ విసిరినవాడి పేరే వచ్చేది.

స్కూలు నర్సులు చెప్పగా ఒక సంగతి తెలిసింది. కడుపునొప్పని వచ్చి పడుకునే పిల్లల్లో చాలామంది డాక్టర్లకు చూపించుకున్నవాళ్ళే, పరీక్షల్లో ఏమీ తేలనివాళ్ళే. అయితే డాక్టర్లకే నేర్పాలనుకుంది. పక్క ఊరు శాన్ రామన్‌లో పిల్లల డాక్టరు శ్యామ్‌సుందర్ తెలుగువాడే కదా అని మొదట ఆయన దగ్గరికే వెళ్ళింది.

"మన చిన్నప్పుడు ఇవన్నీ ఎవరడిగారండీ? పెరగలేదా?" అన్నాడాయన.

"పెరిగాం డాక్టర్ గారూ. పెరగనివాళ్ళ సంగతి మనదాకా రాలేదు."

ఆయన ఆమె మాట తీసెయ్యలేక ఒకరోజు లంచ్ టైములో తోటి డాక్టర్లను పిలిచాడు. నలుగురొచ్చారు. ఆసుపత్రి పిలుపుతో నడుముకున్న బీపర్ మోగి ఒకాయన మధ్యలోనే లేచి వెళ్ళాడు. మిగిలిన ముగ్గురికీ ఆమె తలా ఒక కాగితం ఇచ్చింది. పరీక్షల్లో ఏమీ లేకపోతే తల్లిదండ్రులను కాసేపు బయట కూర్చోబెట్టి పిల్లలను రెండు ప్రశ్నలు అడగమని అందులో రాసింది: నొప్పి ఏ రోజుల్లో వస్తుంది? స్కూల్లో ఉన్నప్పుడు దేని గురించి దిగులుపడతావు?

అయిదు నెలలు ఎవరి దగ్గరినుంచీ కబురు లేదు. ఫిబ్రవరిలో ఫోన్ మోగింది.

"ఆండాళ్ గారూ, అడిగానండీ." శ్యామ్‌సుందర్ గొంతు కంగారుగా ఉంది. "మన రాధాకృష్ణ గారమ్మాయి, రేణు. తొమ్మిదేళ్ళు. రెండుసార్లు బ్లడ్ టెస్ట్ చేశాను, ఎక్స్‌రే తీశాను, అంతా నార్మల్. ఇవాళ వాళ్ళమ్మని బయటికి పంపి మీ రెండు ప్రశ్నలూ అడిగాను. ఒకటే ఏడుపు. ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

అడగమని ఆండాళ్ నేర్పింది గాని, పిల్ల చెప్పాక ఏం చెయ్యాలో కాగితంలో రాయలేదు. ఎదురుగా క్యాలెండర్‌లో ఆరు వారాలదాకా ఖాళీ లేదు. నుదురు అరచేతిలో ఆనించుకుని, "ఇంకో పది నిమిషాలు ఆ పిల్ల పక్కన కూర్చోండి. రేపు పొద్దున నేను స్కూల్లో చూస్తాను" అంది.

మర్నాడు రేణు ఆమె ఎదురుగా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

"అమ్మ ఎప్పుడూ పడుకుంటుంది ఆంటీ. శనివారం, సండే నేను చూస్తా. మండే స్కూల్‌కి వస్తే అమ్మ బ్రీత్ చేస్తుందో లేదో ఎవరు చూస్తారు?"

ఆ సాయంత్రమే ఆండాళ్ వాళ్ళింటికి వెళ్ళింది. రేణు తల్లి మీనాక్షికి అంతకుముందు సెప్టెంబర్‌లో ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయి పుట్టాడు.

"అందరూ వచ్చారండీ. వంటలు చేసి పెట్టారు. ఇంకో బిడ్డ పుడతాడులే అని చెప్పి వెళ్ళారు. రేణుకి ఏమీ తెలీదనుకున్నాం."

"తెలుసమ్మా. మీకు కాపలా కాస్తోంది. నేనొకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. చచ్చిపోవాలనిపిస్తోందా?"

మీనాక్షి తల అడ్డంగా ఊపింది. "అలా కాదండీ. లేవాలనిపించడం లేదు. అంతే."

మీనాక్షి మనసు విప్పి మాట్లాడుకోవడానికి ఒక కౌన్సిలర్‌ను వెతికే పని ఆండాళ్ పెట్టుకుంది. రాధాకృష్ణ సంగతి శ్యామ్‌సుందర్ తన మీద వేసుకున్నాడు. "మీరు చెబితే వాళ్ళావిడకి పిచ్చి అంటున్నారనుకుంటాడు. నేను మాట్లాడతాలెండి" అన్నాడు. రేణు టీచరు మిసెస్ డోలన్ అయితే వింటూ కుర్చీలో కూలబడింది. "నా క్లాసులో నన్ను ఏ ఇబ్బందీ పెట్టని పిల్ల ఈమె ఒక్కతే" అంది, తన మీద తనకే కోపంగా.

రోజూ పదిన్నరకు రేణు స్కూలు ఆఫీసుకు వెళ్ళి ఇంటికి ఫోన్ చేసుకోవచ్చని ఏర్పాటు చేశారు. ఫోన్ తియ్యాలంటే మీనాక్షి మంచం దిగాలి. మొదటి రోజు చాలాసేపు మోగాక తీసింది. రెండో వారానికల్లా ఫోన్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది.

ఏప్రిల్ అయ్యేసరికి శ్యామ్‌సుందర్ ఇంకో నలుగురి పేర్లు పంపాడు. ఆండాళ్ ఇద్దరినే చూడగలిగింది. మూడో పిల్లవాడి వంతు వచ్చేలోపు వాళ్ళ కుటుంబం టెక్సస్‌లోని ప్లేనో వెళ్ళిపోయింది. ఆ పిల్లవాడి ఫైలు ఆమె చాలా రోజులు బల్లమీదే ఉంచుకుంది. ఇంకొక మనిషిని వెయ్యమని పైవాళ్ళను అడిగితే వచ్చే ఏడాది చూద్దామన్నారు. కిందటేడూ ఆ మాటే అన్నారు. ఒక ఆదివారం కూర్చుని డాక్టర్ల కాగితం వెనకవైపు, పిల్ల చెప్పాక ఏం చెయ్యాలో రాసి టైపు చేసింది.

జూన్‌లో ఒకరోజు స్కూలు ఆఫీసులో క్లర్కు ఆమెను ఆపింది. "ఆ రేణు రెండు రోజులుగా ఫోన్ చేసుకోవడానికి రాలేదు. మర్చిపోయినట్టుంది. గుర్తుచెయ్యనా?"

కిటికీలోంచి చూస్తే పిల్లలు బంతాట ఆడుతున్నారు. వాళ్ళలో రేణు ఎక్కడుందో ఆండాళ్ పోల్చుకోలేకపోయింది.

"వద్దు" అంది. భుజాన బ్యాగు సర్దుకుని, మూడో స్కూలుకు ఆలస్యమవుతోందని కారు వైపు నడిచింది.