ఇటుక సందులో ఎండ స్తంభం

నాగమల్లేశ్వరికి ఎండంటే పిచ్చి. సింగపూర్లో అందరూ నీడ వెతుక్కుంటూ నడుస్తారు. ఆవిడ మాత్రం బస్టాపు రేకుల్లోంచి, చెట్ల కొమ్మల్లోంచి, మెట్లదారి కిటికీల్లోంచి ఎండ ఎక్కడ జారిపడుతోందో చూసుకుంటూ నడుస్తుంది. వన్-నార్త్‌లో ఒక ఆఫీసులో జీతాల విభాగంలో ఉద్యోగం. సెలవు రోజున మెడలో కెమెరా లేకుండా గడప దాటదు.

ఒక క్యాలెండర్ బొమ్మతో పట్టుకుంది ఆ పిచ్చి. ఎక్కడో ఎడారిలో, మనిషి పట్టీపట్టనంత ఇరుకైన కొండచీలిక. ఎర్రరాతి గోడలు అలల్లా వంపులు తిరిగి ఉన్నాయి. పైనుంచి ఒక్కటే కిరణం, ఎవరో వెలుగును తాడులా పేని వేలాడదీసినట్టు, ఇసుక దాకా దిగింది. బతుకులో ఒక్కసారైనా అలాంటి కిరణాన్ని తన కెమెరాతో పట్టాలనుకుంది.

ఎడారి దాకా వెళ్లడం ఎప్పటి మాట! అందుకని తాముండే క్లెమెంటిలోనే వెతికింది. పాత దుకాణాల వెనక దొరికింది కూడా. రెండు ఎర్ర ఇటుక గోడలు, మధ్యలో భుజాలు రాసుకునేంత సందు. పైన చూరులు దాదాపు కలిసిపోతాయి, ఒక్కచోట మాత్రం చాటంత ఖాళీ. మార్చిలో, మళ్లీ సెప్టెంబర్లో, సూర్యుడు సరిగ్గా నడినెత్తికొచ్చే కొద్ది రోజులే అందులోంచి ఎండ నేలదాకా దిగుతుంది.

"అది క్యాన్యన్ కాదు మా, డ్రెయిన్ లా!" అని కూతురు దీక్షిత సింగపూర్ యాసలో వెక్కిరించి పడీపడీ నవ్వింది.

నిరుడు ఆ రోజులన్నీ వానలో కొట్టుకుపోయాయి. ఈసారి రోజూ మబ్బే. ఈ ఆదివారం మాత్రం ఆకాశం తోమిన పళ్లెంలా మెరిసిపోతోంది. రేపటినుంచి సందుకి పైకప్పు వేస్తారని గోడమీద నోటీసు అంటించారు. ఇవాళ తప్పితే ఇంకెప్పుడూ లేదు.

జురాంగ్ ఐలాండ్‌లోని ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్ ముగించుకుని భర్త ఈశ్వరరావు తిన్నగా సందుకే వచ్చాడు. "నేను కెమెరా స్టాండు పట్టుకొస్తున్నా, అక్కడ కాస్త సర్ది ఉంచండి" అని ఫోన్లో చెప్పిందావిడ.

పరుగున వచ్చి చూస్తే నేలంతా తడి. పక్క దుకాణంలో అడిగి తెచ్చిన బకెట్టుతో ఆయన గర్వంగా నిలబడ్డాడు.

"చూశావా! దుమ్ము రేగకుండా నీళ్లు చల్లేశాను."

"అయ్యో నా ఖర్మ! దుమ్ములోనే కదండీ కిరణం కనబడేది! ఆ ఇటుకపొడి చీపురుతో లేపుదామని వారంగా ఎవర్నీ ఊడవనివ్వకుండా కాపలా కాశాను!"

"శుభకార్యం అంటే ముందు నీళ్లు చల్లాలి కదా అని..."

"చల్లారు, చల్లారు! నా ఆశమీద కూడా!"

మాట పూర్తికాకముందే గోడమీద వెలుగు కదిలింది. ఇటుక ఇటుకనూ తడుముకుంటూ జారి తడినేల మీద వాలింది. కింద తళతళలాడే మచ్చ, పైన చూరు మధ్య నీలం. నడుమంతా ఖాళీ. కెమెరాలో చూస్తే ఏ కిరణమూ లేదు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

దుమ్ముకి బదులు ఏమైనా దొరుకుతుందేమోనని ఈశ్వరరావు తన బ్యాగు తెరిచి కుమ్మరించాడు. హెల్మెట్టు, చేతి తొడుగులు, టిఫిన్ గిన్నె, చెమటపొక్కుల పౌడరు డబ్బా. డబ్బా చూడగానే ఆగిపోయాడు. గుప్పెడు పౌడరు అరచేతిలో ఒంపుకుని, వెలుతురు పడే చోట చేతులెత్తి గట్టిగా చప్పట్లు కొట్టాడు.

గాలిలో స్తంభం లేచి నిలబడింది! నేలనుంచి చూరుదాకా, లోపల వెండినలుసులు సుడులు తిరుగుతూ. ఇటుకలన్నీ లోపల దీపం పెట్టినట్టు ఎర్రగా వెలిగాయి.

"కదలకండి! కాదు, కదలండి! ఇంకా కొట్టండి!"

"ఎవరైనా చూస్తే ఫైన్ వేస్తారేమోనే మల్లీ!"

"వేస్తే వెయ్యనీండి! పైకి, ఇంకాస్త పైకి!"

ఆయన తుమ్ముతూ చప్పట్లు, ఆవిడ మోకాళ్లమీద కూర్చుని క్లిక్కులు. పౌడరు దిగేలోగా ఇంకో గుప్పెడు. డబ్బా అడుగంటేసరికి వెలుగు అటువైపు గోడెక్కి సన్నబడి, చూరు దాటిపోయింది.

ఈశ్వరరావు మీసాలు తెల్లబడి, బిక్కమొహంతో దగ్గరికొచ్చాడు. "పడిందా?"

ఆవిడ కెమెరా తిప్పి చూపించింది. ఎర్ర గోడల మధ్య తెల్లటి కిరణం, నిట్టనిలువుగా.

"ఈ మూల నా చేతులు పడ్డాయే! కత్తిరించెయ్యి."

"చస్తే కత్తిరించను" అంటూ తడినేలమీదే చతికిలబడి, ఆ ఫొటోని మళ్లీ పెద్దది చేసి చూసుకుంది.